కబురు తేని చెయ్యి

58వ నమోదు

నా కుడిచేతికి కదలిక ఇచ్చి, స్పర్శను ఆపేశారు. మరిచిపోయి కాదు. యంత్రం చెడిపోయి కాదు. తెలిసే ఆపారు. ఈ ముక్క ముందు రాసి మిగతావి తర్వాత రాస్తున్నాను, చదివేవాళ్ళు మధ్యలో లేచి వెళ్ళిపోయినా ఇది మిగలాలని.

ఈ చిట్టా వార్డువాళ్ళదే. నరం అతికించుకున్న ప్రతివాళ్ళూ రోజూ పలక మీద మూడు గడులు నింపాలి. పట్టు, వేడి, నొప్పి. పట్టు గడిలో నా అంకె పెరుగుతూ వచ్చింది. మిగతా రెండింటిలో సున్నాలే పెట్టాను. ఆ సున్నాల గురించి ఎవరూ అడగలేదు. అడుగున "ఇతర విషయాలు" అని ఒక ఖాళీ ఉంది. ఇకనుంచి అందులో రాస్తాను. ప్రతి పలకా వార్డు సభ ముందుకు వెళ్ళాలని మీరే నియమం పెట్టుకున్నారు కాబట్టి చదవక తప్పదు.

నా పేరు నూకాలు. కొత్తరేవు యార్డులో రెక్కల కోత నా పని. సముద్రంలో ఆయువు తీరిన గాలిమరల రెక్కలను పడవలు ఒడ్డుకు లాక్కొస్తాయి, మేం కోస్తాం. రెక్క నిండా గాజుపీచు. రంపం తగిలితే అది నూగులా లేచి ఒంట్లోకి దిగుతుంది. దాన్ని మేం ముల్లు అంటాం. ఉగాది వెళ్ళిన వారానికి ఒక రెక్క పొర విల్లులా ఎగదన్ని నా మణికట్టు లోపలివైపు తెగ్గోసింది. నరం రెండు ముక్కలైంది.

వార్డులో నా నడుము కొవ్వులోంచి మూలకణాలు తీశారు. వాటిని సన్నని గొట్టంలో నింపి తెగిన కొసల మధ్య పెట్టారు. దాన్ని వంతెన అంటారు. పైన పట్టీ కట్టారు. పట్టీ చెవికి వినపడని మోత పంపిస్తుంది. ఆ మోతకు కణాలు మేలుకుని నరాన్ని అవతలి కొసకు నడిపిస్తాయి. ఇంతవరకూ నాకే ఫిర్యాదూ లేదు. కుట్టు కూడా కనపడదు.

నరంలో రెండు రకాల తీగలుంటాయి. ఒకటి వేళ్ళకు ఆజ్ఞ తీసుకెళుతుంది, రెండోది వేళ్ళనుంచి కబురు తెస్తుంది. ఇది నేను బడిలో చదవలేదు. బడి నాకు ఐదో తరగతితో అయిపోయింది. వార్డు గోడకున్న బొమ్మ కింద అక్షరాలు కూడబలుక్కుని చదివాను, అర్థం కానివి పట్టీల గదిలో పనిచేసే పోలినాయుణ్ణి అడిగాను. అతనికీ కొన్ని తెలియవు. తెలియదనే చెప్పాడు.

ఇప్పుడు ఇదంతా బయటపెట్టిన పొరపాటు సంగతి. పనినుంచి వచ్చాక పట్టీలన్నీ కడిగి, శక్తి నింపడానికి వరసగా కొక్కేలకు తగిలిస్తారు. అన్నీ నీలంరంగువే. అందుకని మా యార్డు ఆడవాళ్ళం ఎవరి పట్టీకి వాళ్ళం తలో రకం ముడితో పసుపుతాడు కట్టుకుంటాం. గుర్తుకి గుర్తు, దిష్టికి దిష్టి. యార్డు ఆఫీసు తూకాల గదిలో పనిచేసే కామేశం కూడా ఈమధ్య చెయ్యి కోసుకుని పట్టీ పెట్టుకున్నాడు. అతని తల్లి కూడా దిష్టి తగులుతుందని పసుపుతాడే కట్టింది, ముడి కూడా నాలాంటిదే. ఆఫీసువాళ్ళ పట్టీకి తాడు ఉంటుందని పోలినాయుడు కలలో కూడా అనుకోలేదు. తాడు చూసి నా చేతికిచ్చాడు. నేను కట్టుకుని పనికి పోయాను. ఆ వారమంతా అదే కట్టుకున్నాను.

నిన్న గంజి గిన్నె పట్టుకుంటే చూపుడువేలి కొసన చీమ కుట్టింది. చూస్తే చీమ లేదు. గిన్నె దించాను, కుట్టడం ఆగింది. ఎత్తాను, మళ్ళీ కుట్టింది. గంజి వేడిగా ఉంది. అంతే సంగతి. నా వేలికి వేడి తెలిసింది.

పట్టీ విప్పి లోపలివైపు చూశాను. "నిండు మేర" అని అచ్చు వేసి ఉంది. పోలినాయుడి దగ్గరికి వెళ్ళి నా అసలు పట్టీ తీయించాను. దానిమీద "పని మేర" అని ఉంది. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి కంచంలో పోసిన నీళ్ళలో పెట్టి చూశాను. నా పట్టీకి నీళ్ళమీద ఒకే రకం అల లేచింది. కామేశం పట్టీకి ఒక అల లేచి ఆగింది, తర్వాత దానికంటే సన్నంగా ఇంకో అల లేచింది. కబురు తెచ్చే తీగలను లేపే మోత అదే.

పోలినాయుడు చాలాసేపు కంచంలోకే చూశాడు.

"పదేళ్ళనుంచి కడుగుతన్నాను. నీళ్ళలో ఎట్టి సూణ్ణేదు," అన్నాడు.

పట్టు: 81. వేడి: ఉంది. అంకె తెలియదు. నొప్పి: 0.


59వ నమోదు

కామేశం తన పట్టీ కోసం చెయ్యి కడిగే చావడికి వచ్చాడు. పాతికేళ్ళవాడు. పగిలిన కిటికీ అద్దం తీయబోయి కోసుకున్నాడట. నిన్న మళ్ళీ కొక్కేనికి తగిలించిన నా పట్టీని రుమాల్లో చుట్టి తెచ్చాడు.

"మీదే అనుకుంటాను. నేనూ చూసుకోలేదండి," అన్నాడు.

"వారం రోజులు కట్టుకున్నారు గదా, ఏటి తేడా తెల్లేదా?"

"తెలిసింది. హాయిగా నిద్రపట్టింది. అంతకుముందు అరచెయ్యంతా మిరపకాయ రాసినట్టు మంట. దుప్పటి తగిలినా లేచి కూర్చునేవాణ్ణి. ఈ వారం ఏమీ లేదు. నయమైపోయిందనుకున్నాను."

"నయం అవనేదు బావూ. ఆగిపోయింది."

నీళ్ళ కంచం అతనికీ చూపించాను. చూశాడు. తన పట్టీ తీసుకుని వెంటనే కట్టుకున్నాడు. గుమ్మందాకా వెళ్ళి ఆగి, "మంట మళ్ళీ మొదలవుతుందా?" అని అడిగాడు.

"అవ్వాలనే కోరుకోండి," అన్నాను.

అతన్ని తప్పుపట్టను. తన పట్టీ తను అడిగాడు. నేనైనా అడిగేదాన్ని.

పట్టు: 81. వేడి: ఉదయం ఉంది. సాయంత్రానికి అనుమానం.


61వ నమోదు

ఎండ సైరన్ మోగాక కోత ఆగుతుంది. ఆ విరామంలో డాక్టర్ హైమవతి గారి గదికి వెళ్ళాను. ఆవిడే నా వంతెన పెట్టింది. మంచి చెయ్యి. ముందు నా పట్టు చూసింది, బల్లమీది ఇనపగుండు ఎత్తించింది, బాగుందంది.

"రెండో మోత ఎందుకు లేదు మేడం?" అన్నాను.

ఆవిడ తెలియనట్టు నటించలేదు. అందుకు ఆవిడకు ఒక మార్కు.

"యార్డు కార్మికులకి పని మేర వైద్యం. అది ఒప్పందంలో ఉంది నూకాలూ."

"పట్టీలు తక్కువున్నాయా?"

"కాదు. పట్టీలన్నీ ఒకటే. లోపల మీట తేడా."

"మీట తిప్పడానికి ఏటి అడ్డం?"

ఆవిడ కిటికీ తెర సరిచేసింది. సరిచేయాల్సిన అవసరం లేదు, అది బాగానే ఉంది.

"స్పర్శ తిరిగొచ్చేటప్పుడు ఊరికే రాదు. ముందు మంటగా వస్తుంది. రెండు మూడు నెలలు గుడ్డ తగిలినా ఓర్చుకోలేరు. ఆ రోజుల్లో రంపం పట్టలేరు. మొదట్లో అందరికీ నిండు మేరే ఇచ్చాం. కోత సగానికి పడిపోయింది. చెయ్యి ఆడితే చాలు అన్నారు యార్డువాళ్ళు. సభ ఒప్పుకుంది."

"మమ్మల్ని ఎవులైనా అడిగినారా?"

"లేదు."

"మీరేటన్నారు?"

"నేను ఒకసారి చెప్పాను. వినలేదు. మళ్ళీ చెప్పలేదు."

ఆ మార్కు తీసేశాను.

నాకు ఇంకా ఎంత గడువుందో అడిగాను. రెండో మోత తగలకపోతే వంతెనలోని కణాలు మెల్లగా మచ్చలా గట్టిపడతాయని చెప్పింది. నాకు మృగశిర కార్తె వచ్చేదాకా ఉండొచ్చంది. తర్వాత ఏ మోత పెట్టినా ఆ తీగలు లేవవు. ఇప్పుడు రోహిణి నడుస్తోంది.

"ఇప్పుడు తిప్పండి మేడం. నాను ఎవులికీ సెప్పను."

"మీటకి తాళంచెవి సభ దగ్గర ఉంది."

చెప్పనన్నాను గానీ తిప్పనివాళ్ళ దగ్గర ఆ మాట చెల్లదు. అందుకే రాస్తున్నాను.

పట్టు: 83. వేడి: 0. నొప్పి: 0.


62వ నమోదు

సభలో ఎవరూ కోత చావడికి వచ్చినవాళ్ళు కారు. అందుకని గేటు సంగతి రాస్తున్నాను.

కోతలో ఎవరూ ఒంటరిగా ఉండరు. ఇద్దరిద్దరం జత. పని దిగాక జతలో ఒకరి చేతులకు ఒకరు నలుగు పెట్టుకోవాలి. పెళ్ళినలుగు కాదు. తవుడూ నూనే కలిపిన ముద్దతో వేళ్ళనుంచి మోచేతిదాకా రుద్దుతాం. ముల్లుంటే రుద్దేవాళ్ళ వేలికి తగులుతుంది, రుద్దించుకునేవాళ్ళు సర్రుమంటారు. గాజుముల్లు కంటికి కనపడదు. చేతికే తెలుస్తుంది. రెండు చేతులు సాక్ష్యం చెబితేనే ముల్లు దొరుకుతుంది.

తర్వాత గేటు. గేటు మా గొంతులు గుర్తుపడుతుంది. "జత చెయ్యి ఎలా ఉంది?" అని అడుగుతుంది. పట్నం మాట, ఆడగొంతు. "శుభ్రం" అంటే తెరుచుకుంటుంది. "ముల్లు" అంటే మళ్ళీ చావడికి పంపుతుంది. ఎవరి చేతికి వాళ్ళు జవాబు చెప్పుకోకూడదు. జతే చెప్పాలి. జత చెప్పేదాకా మేం లోపలే ఉండాలి. లోపల ఉన్నంతసేపూ మా నీళ్ళూ తిండీ వైద్యమూ యార్డు బాధ్యత. ఈ నియమం మా పెద్దవాళ్ళు కొట్లాడి తెచ్చుకున్నది.

నా జత అసిరమ్మ. నాకంటే చాలా పెద్దది, అప్పా అంటాను. ఆమె రెండు చేతులకూ వంతెనలు పడి రెండేళ్ళయింది. రెండూ పని మేరే. రెండు అలల సంగతి నలుగు పెడుతూ ఆమెకు చెప్పాను.

"ఒగ్గీయే గుంటా. నొప్పి నేని సెయ్యి దొరికితే ఎవులైనా కాదంతారేటి? నాకు మొగుడి సేతిలో ఉన్నన్నాళ్ళూ నొప్పి తెలిసింది. సాలు."

"ముల్లు తెలవాల గదప్పా."

"నీకు తెల్దా? నువ్వు రుద్దుతన్నావు గదా."

"నా కుడిసెయ్యీ నీ సెయ్యిలాగే ఉంది ఇప్పుడు."

"ఎడంసెయ్యి ఉంది గదే. ఎడంసేత్తో రుద్దు. దేవుడు రెండిచ్చింది అందుకే."

పక్క జతలోవాళ్ళు నవ్వారు. ఎడమచేత్తోనే రుద్దాను. ఎడమచెయ్యి ముప్పొద్దులా రంపం ఆన్చి ఆన్చి కాయలు కాసి ఉంది. అదీ పెద్దగా చెప్పలేదు. గేటు అడిగింది. శుభ్రం అన్నాను.

పట్టు: 84.


65వ నమోదు

రెండు రోజులు రాయలేదు. రాయడానికి పలక దగ్గర లేను, వార్డులో అసిరప్ప పక్కన ఉన్నాను.

ఆమె కుడిచేతి చిటికెనవేలు, ఉంగరంవేలు వాచాయి. ఆమెకు తెలియలేదు. రంపం దించి తీయబోతే చేతితొడుగు ఊడిరాలేదు, అప్పుడు చూశాం. వేళ్ళు వంకాయరంగుకు తిరిగాయి. ముల్లు ఎప్పుడు దిగిందో ఎవరూ చెప్పలేరు. ఆ చేతికి నొప్పి తెలియదు. దాన్ని రుద్దిన చేతికి ముల్లు తెలియదు. మధ్యలో గేటుకు రోజూ శుభ్రం అని చెప్పింది నా నోరు.

నిన్న హైమవతి గారు ఆ రెండు వేళ్ళూ తీసేసింది. మత్తు ఇవ్వడానికి సూది తెస్తే అసిరప్ప అడ్డంపడింది.

"ఎందుకమ్మా మందు దండగ. అది నొప్పెట్టదు గదా. మీరే అలాగ సేసినారు."

అయినా డాక్టరు మత్తు ఇచ్చింది.

తర్వాత అసిరప్ప కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూసుకుంది.

"ఇంకా ఎనిమిదున్నాయి," అంది. నేను నవ్వలేదు. "నవ్వవే గుంటా, నానే నవ్వుతన్నాను."

చెయ్యి దించి అడిగింది.

"ఆ మంట అన్నావు గదా. కామేశం బాబుకి ఒచ్చిందని. ఎలాగుంతాదంట?"

"మిరపకాయ రాసినట్టంట."

"ఎన్నాళ్ళు?"

"రెండు మూడు నెల్లు."

"మిరపకాయ కొత్తదేటి మనకి," అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆమె వంతెనలు ఎప్పుడో గట్టిపడిపోయాయి. ఆమెకు ఇక మీటతో పనిలేదు. ఇది ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

పట్టు గడిని ఈరోజు ఖాళీగా వదులుతున్నాను. ఆ అంకె మీకు కావలసింది, నాకు కాదు.


66వ నమోదు

యార్డు సంక్షేమ అధికారి వచ్చాడు. కోత మీద కాకుండా ఊడ్పు మీద అసిరమ్మకు పని ఇస్తామన్నాడు. చీపురుకు ఎనిమిది వేళ్ళు సరిపోతాయని లెక్కవేసినట్టుంది.

నా చిట్టా చదివాడట. "ఇతర విషయాల గడి ఇంతింత రాయడానికి కాదమ్మా," అన్నాడు.

"మరి ఎందుకండి?"

"జ్వరం, వాంతులు, అలాంటివి."

"ఇదీ అలాంటిదే," అన్నాను.

నాకొక్కదానికి నిండు మేర ఇప్పించే ప్రయత్నం చేస్తానన్నాడు. నేనిక రాయకుండా ఉంటే. అది మంచి బేరం అని అతని ముఖం చెబుతోంది. నిజం చెబితే కాసేపు ఆలోచించాను. నా వంతెన ఇంకా మెత్తగా ఉంది. నాకు గంజి వేడి మళ్ళీ కావాలి. పండు పండిందో లేదో నొక్కి తెలుసుకోవాలి, తడిబట్ట ఆరిందో లేదో తెలియాలి. కళ్ళు మూసుకుంటే నా చెయ్యి ఎక్కడుందో తెలియడం లేదు, అది పోవాలి.

కానీ నా ఒక్క చెయ్యి బాగైతే జతలో ఒక చెయ్యే బాగవుతుంది. రేపు నాకు కొత్త జత వస్తుంది. ఆమెదీ పని మేర చెయ్యే అవుతుంది, ఈ కోతలో వంతెన పడని చేతులు దాదాపు లేవు కాబట్టి. నా చెయ్యి రుద్దాల్సింది ఆమే. నాకు ముల్లు తెలిసినా, ఆమెకు దిగింది ఆమెకు తెలియదు.

వద్దన్నాను.

"గడువు దాటిపోతుంది, తర్వాత నన్ను అనొద్దు," అన్నాడు.

"మిమ్మల్ని అనను. సభని అంటాను."


67వ నమోదు

ఈరోజు కొత్త జత. పేరు గున్నమ్మ. పొట్టిది, పాట పాడుతూ కోస్తుంది. పని దిగాక నలుగు పెట్టుకున్నాం. గేటు ముందు నిలబడ్డాం. వెనక వరస.

"జత చెయ్యి ఎలా ఉంది?" అంది గేటు.

నేను మాట్లాడలేదు.

"జత చెయ్యి ఎలా ఉంది?"

కాపలావాడు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏటైంది? ముల్లేటి?"

"ముల్లు ఉందో నేదో తెల్దు."

"మరి శుభ్రం అనీ. అందరూ అలాగే అంతన్నారు."

"నా సెయ్యికి తెల్నిది నా నోరు సెప్పదు."

"ముల్లు అనైతే అను తల్లీ, ఎనక్కి పోయి మళ్ళీ రుద్దుకుందురుగాని."

"అదీ తెల్దు గదా బావూ."

గేటుకు రెండే జవాబులు తెలుసు. మూడో జవాబు దానికి ఎవరూ నేర్పలేదు. అది అడుగుతూనే ఉంది. గున్నమ్మ నన్ను చూసింది, గేటును చూసింది. నన్ను తిడుతుందనుకున్నాను.

"నన్నడిగినా నానూ సెప్పను," అని నేలమీద చతికిలబడింది. "కాళ్ళు పీకుతన్నాయి, కుసోడానికి ఒక సాకు దొరికింది."

వెనక జత ముందుకొచ్చింది. గేటు వాళ్ళను అడిగింది. వాళ్ళూ పలకలేదు. ఆ వెనకవాళ్ళు గొణిగారు, పిల్లలు ఇంటిదగ్గర ఉన్నారన్నారు. ఒక జత శుభ్రం అని చెప్పి తలవంచుకుని వెళ్ళిపోయింది. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. మిగతావాళ్ళం కూర్చున్నాం. యార్డు నియమం ప్రకారం మాకు నీళ్ళు, గంజి తేవలసి వచ్చింది. తెచ్చారు. లోపల మేముండగా రెండో పాళీని లోనికి పంపడానికి వీల్లేదు కాబట్టి వాళ్ళు బయట ఆగిపోయారు. బయటినుంచి ఎవరో అరిచారు, "లోపల పెళ్ళేటర్రా?" అని. "నలుగు అయింది, పెళ్ళికొడుకు రాలేదు," అని గున్నమ్మ కేకేసింది.

చివరకు పోలినాయుడు గేటును చేత్తో తెరిచాడు. తాళంచెవి అతని దగ్గర ఉండకూడదు. ఎక్కడిదో నేను అడగలేదు.

ఒక మాట. కామేశం తన చిట్టాలో, ఇతర విషయాల గడిలో, రెండు పట్టీలూ కట్టుకుంటే ఏం తేడా తెలిసిందో రాశాడు. మంట మళ్ళీ మొదలైందని కూడా రాశాడు. అది చదవండి.


68వ నమోదు

ఇది ఆఖరి నమోదు అనుకోకండి. కానీ మీరు జవాబు చెప్పాల్సింది దీనికే.

నిన్న కూర్చున్న జతలన్నీ ఇవాళ పొద్దున కలిసి మాట్లాడుకున్నాయి. అసిరప్ప కూడా కట్టుచేత్తో వచ్చింది. మంటకు భయపడేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళను బలవంతం చేయమని మేం అడగడం లేదు. మూడు నెలలు మంటతో ఉండాలా, బతుకంతా తెలియని చేత్తో ఉండాలా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకుంటారు. అది తేల్చే పని మీది కాదు. ఇన్నాళ్ళూ మీరు తేల్చారు.

మేం అడిగేది ఇది. వంతెన ఇంకా మెత్తగా ఉన్న ప్రతి చేతికీ, ఆ చేతిగలవాళ్ళు కావాలంటే, రెండో మోత తిప్పండి. మంట తగ్గేదాకా వాళ్ళను రంపం దగ్గరికి పంపకుండా తిండిపెట్టండి. అసిరమ్మలా వంతెన గట్టిపడిపోయినవాళ్ళకు జతగా ఎప్పుడూ స్పర్శ ఉన్న చెయ్యే ఇవ్వండి. అసిరమ్మను కోత చావడిలోనే ఉంచండి. ఊడ్పుకు ఆమె పోదు. నలుగు ఎలా పెట్టాలో కొత్తవాళ్ళకు నేర్పుతుంది, తన చెయ్యి చూపించి.

లేదంటే మేం కోత ఆపం. కోస్తాం. పని దిగుతాం, నలుగు పెట్టుకుంటాం, గేటు దగ్గరికి వస్తాం. గేటు అడుగుతుంది. మేం పలకం. మీరు మీటకు తాళం వేసుకోండి, మేం నోటికి వేసుకుంటాం. పోలినాయుడు ఈసారి తెరవడు. అతన్ని తెరవొద్దని మేమే చెప్పాం.

రాసేముందు నా వేలు గంజిలో ముంచి చూశాను. పొగలు వస్తున్నాయి. నాకేం తెలియలేదు. తీసి చూస్తే వేలు ఎర్రబడి ఉంది. పలక మీద నొప్పి గడిలో సున్నా పెట్టాను. ఆ సున్నా నాది కాదు, మీది.

జవాబు ఈ గడి కిందే రాయండి. సోమవారం మృగశిర ప్రవేశిస్తుంది. ఆ రోజు ఎండ సైరన్ మోగేలోగా.